విడుచుటయు, విడువకుండుటయు

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 18:21–35, లూకా 13:6–9, యోహాను 14:18



గడచిన బెల్లపు గానుగల కాలమున, ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన ముగిసిన పిమ్మట, పదవ తరగతి చదువుచున్న పిల్లవాడొకడు ఇంగ్లీషు నోటుపుస్తకము చేతపట్టుకొని మా యొద్దకు వచ్చెను. మా రోలుగుంట ప్రాంతమున ఆ దినములలో ఏ దారిని వెళ్లినను కాగుచున్న చెరకు రసపు వాసన వచ్చుచుండును. వాని బట్టలకును ఆ వాసన పట్టియుండెను. బడి వదలిన తరువాత గానుగ యొద్ద పిప్పి మోసి కూలి తెచ్చుకొనుచుండెనని మాకు తెలియును.

“అయ్యగారూ, గివ్ అప్ అంటే విడిచిపెట్టడమే కదండీ? మా మాస్టారు దానికి ఆరు అర్థాలు చెప్పారు. ఆరింటికీ సొంతంగా వాక్యాలు రాసుకు రమ్మన్నారు. ఒక్క మాటకి ఇన్ని అర్థాలేటండీ?” అని అడిగెను.

మేము నవ్వుకొని, వానిని దీపము క్రింద కూర్చుండబెట్టితిమి. ఇంగ్లీషులో ఇట్టి జంట మాటలు చాల గలవు. గివ్ అనగా ఇచ్చుట, అప్ అనగా పైకి. రెండును కలిసినప్పుడు ఇచ్చుటయు మిగులదు, పైకియు మిగులదు. వేరొక అర్థము పుట్టును. దురభ్యాసమును మానుకొనుట ఒక అర్థము. పని చేయలేక చేతులెత్తివేయుట ఒకటి. బస్సులో ముసలమ్మకు మన చోటిచ్చినట్లు, మనకు చెందినదానిని వదలుకొనుట ఒకటి. దొంగ పోలీసులకు లొంగిపోవుట, లేక ఒకనిని శత్రువుల కప్పగించుట మరియొకటి. రోగి బ్రదుకడని ఆశ విడుచుట ఐదవది. ప్రాణము విడుచుట ఆరవది. పాత ఇంగ్లీషు బైబిలులో ప్రభువు సిలువమీద ప్రాణము విడిచిన సంగతి చెప్పునప్పుడు ఈ జంట మాటనే వాడిరి.

మన తెలుగువారు వీటిని వేరు వేరు మాటలతో చెప్పుదురు. కల్లు మానితిమందుము, పందెములో చేతులెత్తితిమందుము, పట్టుదల విడిచితిమందుము. ఇచ్చిన అప్పు తిరిగి రాదని తోచినప్పుడు దానికి నీళ్లు వదలుకొంటిమందుము. ఇంగ్లీషువారు వీటినన్నిటిని ఒకే గోనెసంచిలో వేసి మూతి కట్టిరి. పిల్లవానికి ఇంత వరకు చెప్పి, వ్రాసినవి చూపుమంటిమి.

నాలుగు వాక్యములు చక్కగా నుండెను. ఐదవది, ఆశ విడుచుటను గూర్చినది, ఇట్లుండెను: మా సంఘము మా నాన్నను విడిచిపెట్టింది, మా అమ్మ విడిచిపెట్టలేదు.

“ఇక్కడ అప్ తరవాత ఆన్ అని ఇంకో మాట పెట్టాలాండీ, అక్కర్లేదా?” అని మాత్రమే వాడడిగెను. వాని ముఖములో ఎట్టి నిష్ఠూరమును లేదు. వ్యాకరణమే అడుగుచుండెను.

వస్తువును గాని అలవాటును గాని విడిచినప్పుడు ఆ చిన్న మాట అక్కరలేదనియు, మనుష్యునిమీద ఆశ విడిచినప్పుడు దానిని చేర్చవలెననియు చెప్పితిమి. వాడు వ్రాసికొని, దండము పెట్టి వెళ్లిపోయెను. మేము మాత్రము ఆ దీపము ఎదుట చాల సేపు కూర్చుంటిమి. ఈ నెల ధ్యానము ఆ రాత్రి కూర్చున్నదాని ఫలమే.

*

ఆ పిల్లవాని తండ్రి ఒకప్పుడు మన ఆరాధనలలో కంజిర వాయించినవాడు. త్రాగుడు పట్టుకొన్న తరువాత రెండేండ్లు మేమును పెద్దలును వాని ఇంటికి పోయి వచ్చితిమి. మాట ఇచ్చెను, తప్పెను. మరల ఇచ్చెను, మరల తప్పెను. మూడవ యేట మా రాకపోకలు తగ్గెను. పెద్దల కూటములో ఎవరో, చేయవలసినదంతయు చేసితిమి గదా అనిరి. మిగిలినవారము తల ఊపితిమి. తీర్మానమేదియు వ్రాయబడలేదు. దర్శింపవలసిన ఇండ్ల పట్టికలో ఆ ఇంటి పేరు లేకపోయెను, అంతే.

అతని భార్య సంగతి వేరు. ఒకనాటి రాత్రి భర్త కొట్టగా ఆమె తలకు గాయమై, ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని పుట్టింటికి పోయెను. ఆ పుట్టిల్లు నాలుగు వీధుల అవతలనే. అప్పుడు మన సంఘస్థులలో కొందరు, విశ్వాసురాలై యుండి మగని విడిచిపెట్టినదని ఆమెను తప్పుపట్టిరి. మేము ఆ మాటలను ఖండింపలేదు. కాని ఆ దినము మొదలుకొని నేటివరకు, పూటకొక గిన్నెలో అన్నము ఆ పిల్లవాని చేత ఆ ఇంటికి పోవుచునే యున్నది. జ్వరము వచ్చినప్పుడు ఆటోలో ఎక్కించి నర్సీపట్నము ఆసుపత్రికి తీసికొని పోయినది ఆమెయే.

ప్రియులారా, ఇప్పుడు చెప్పుడి. ఎవరు విడిచిరి? ఎవరు విడువలేదు? ఇల్లు విడిచిన స్త్రీ మనుష్యుని విడువలేదు. ఏమియు విడువనట్లు బల్లలమీద కూర్చున్న మేము మనుష్యుని విడిచితిమి. మా పెద్దల కూటము కనిపెట్టలేని ఈ భేదమును పదునైదేండ్ల పిల్లవాడు ఒక ఇంగ్లీషు వాక్యములో పెట్టెను.

*

విడుచుట మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. విడిచినవారిని లోకము గౌరవించినది, నిందించినదియు గలదు; విడువనివారిని గూర్చియు అట్లే.

మన దేశములో 2015వ సంవత్సరమున ప్రభుత్వమువారు, గ్యాసు సబ్సిడీ లేకపోయినను జరుగుబాటు గలవారు దానిని తమంతట తాము వదలుకొనవలెనని కోరిరి. ఆ ప్రయత్నమునకు పెట్టిన పేరులో ఈ గివ్ అప్ అను మాటయే యున్నది. 2016 ఏప్రిలు నాటికి కోటిమందికి పైగా వదలుకొనిరని ప్రకటించిరి. ఆ సంవత్సరమే పేద స్త్రీల పొయ్యిలకు గ్యాసు ఇచ్చు ఉజ్జ్వల పథకము మొదలాయెను. అంతకు చాల ముందు, 1951 ఏప్రిలు 18వ తేదీన, తెలంగాణములోని పోచంపల్లిలో భూమిలేని హరిజనులు తమకు ఎనుబది ఎకరములు కావలెనని వినోబా భావేగారితో చెప్పుకొనగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరు ఎకరములు వదలుకొనుచున్నానని చెప్పిరి. భూదానోద్యమము అక్కడ పుట్టెను. ఇట్లు విడిచినవారిని ఎవరును ఓడినవారనరు.

మరియొక వైపు చూడుడి. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మదరాసులో నిరాహారదీక్ష పూని, డిసెంబరు 15న గతించిరి. దీక్షను విడువక ప్రాణమును విడిచిరి. మరుసటి యేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడెను. అట్టి దీక్ష అందరికిని ధర్మమగునా అనునది వేరు విచారణ. ఇక్కడ గమనింపవలసినది ఇంతమాత్రమే: ఒకే మనుష్యుడు ఒకే ఘడియలో ఒకదానిని విడిచి, మరియొకదానిని విడువకుండును. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, వారిలో రోశమ్మగారు, సారా కొట్టును మూయించువరకు ఊరుకొనమని పట్టుబట్టిరి. 1992లో ఆ పట్టు జిల్లా అంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడెను. చట్టము విడిచిన తరువాతను ఆ తల్లుల పట్టు వృథా కాలేదు. చదువురాని స్త్రీలు ప్రభుత్వమును కదల్చగలరని దేశము చూచెను.

కాబట్టి విడుచుట అను క్రియలో పుణ్యమును లేదు, పాపమును లేదు. ఏమి విడిచితిమి, అది ఎవరిది, ఎవరికొరకు విడిచితిమి అనువాటిలో నున్నది.

*

ఈ సంగతి మన గ్రంథములో ఎట్లున్నదో చూతము.

మన విశాఖపట్నము తెలుగు బైబిలు చరిత్రలో మొదటి పుటలలో నున్న ఊరు. లండను మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అను ఇద్దరు 1805లో అక్కడికి వచ్చి, ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలిడిరి. క్రాన్ 1809లోను, డే గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారు తెలిగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడునాటికి అచ్చు చూచుటకు వారిద్దరును లేరు. ప్రాణము విడిచిరి గాని పని విడువబడలేదు. వెనుక వచ్చినవారు అందుకొనిరి. 1818లో ప్రిచెట్ అను దొరగారి క్రొత్త నిబంధన వెలువడెను.

ఆ అనువాదకులకు గ్రీకు మూలములో పలుమారులు ఎదురుపడిన క్రియ ఒకటి గలదు. దానిని అఫియేమి అని పలుకుదురు. మన ఇంగ్లీషు జంట మాటవలెనే అదియు పెద్ద గోనెసంచి. పేతురును అంద్రెయయు వలలు విడిచి ప్రభువును వెంబడించిన చోట ఆ మాటయే. పేతురు అత్తను జ్వరము విడిచిన చోట ఆ మాటయే. తప్పిపోయిన గొఱ్ఱెను వెదకుటకు కాపరి తొంబదితొమ్మిదింటిని కొండలమీద విడిచి పోయినట్లు మత్తయి చెప్పిన చోట ఆ మాటయే. అప్పు కొట్టివేయుట, పాపము క్షమించుట అన్నచోట్లను ఆ మాటయే. గెత్సేమనేలో శిష్యులందరు ప్రభువును విడిచి పారిపోయిన చోటను ఆ మాటయే. సిలువమీద ఆయన ప్రాణము విడిచెనని మత్తయి వ్రాసిన చోటను ఆ మాటయే.

ఆలోచించుడి. వలలు విడిచినవాడు పేతురు, గురువును విడిచినవాడును పేతురే. ఇద్దరు పేతురులు లేరు, రెండు క్రియలును లేవు. వలలు అతనివి, వాటిని విడుచుటకు అతనికి అధికారము గలదు. విడిచినందున శిష్యుడాయెను. ప్రభువు అతని సొత్తు కాడు. ఆ రాత్రి అతని తోడు కోరిన స్నేహితుడు. ఆ తోడు ఇతరునికి చెల్లవలసిన బాకీ. దానిని విడిచినందున పేతురు తెల్లవారకముందే ఏడ్చెను.

ఇక్కడ మనకు ఒక కొలబద్ద దొరకుచున్నది. మనకు రావలసినదానిని మనము విడువవచ్చును. మనము ఇయ్యవలసినదానిని విడుచుటకు మనకు హక్కు లేదు. మన కోపము, మన పంతము, మనకు రావలసిన మర్యాద, మన గట్టున ఒక మూర నేల, ఇవి మనవి, ప్రేమకొరకు విడువవచ్చును. మన చేతికి అప్పగింపబడిన మనుష్యుడు మనవాడు కాడు. అతడు దేవుని సొత్తు. అతనిని విడుచుట మన సొత్తు వదలుకొనుట కాదు. పరుల సొమ్మును పారవేయుట.

మనము దీనిని తరచు తలక్రిందులు చేయుదుము. మత్తయి 18వ అధ్యాయములోని దాసుని చూడుడి. వానికి క్షమింపబడిన అప్పు పదివేల తలాంతులు. ఒక దేనారము కూలివాని దినపు కూలి. ఒక తలాంతు సుమారు ఆరువేల దేనారములు. అనగా వాని అప్పు ఆరుకోట్ల దినముల కూలి. ఏడాదికి మూడువందల దినములు పనిచేసినను రెండు లక్షల యేండ్లు పట్టును. తోటిదాసుడు వానికి అచ్చియున్నది నూరు దేనారములు, అనగా నూరు దినముల కూలి. అది చిన్నది కాదు. నూరు దినముల కూలి పోయిన ఇల్లు ఎట్లుండునో మన కూలివారికి తెలియును. అయినను వాడు విడువవలసిన బాకీని గట్టిగా పట్టుకొని, విడువరాని మనుష్యుని చెరసాలలో పడవేసెను.

గట్టుకొరకు అన్నదమ్ములు కోర్టుల చుట్టు తిరుగుచు, అటు తమ్ముడు చచ్చిన మూడవ దినము వరకు కబురు తెలియని అన్నలు మన యూళ్లలో లేరా? గట్టును విడువలేదు, తమ్ముని విడిచిరి. ప్రభువు చెప్పిన దాసునికిని వీరికిని భేదమేమి?

*

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న గలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. మనుష్యుని విడువరాదు సరే. మరి కొట్టువాని ఇంట భార్య పడియుండవలెనా? మోసగానికి మరల మరల అప్పు ఇయ్యవలెనా? త్రాగుబోతు చేతిలో బిడ్డ ఫీజు డబ్బు పెట్టవలెనా?

అక్కరలేదు. పోనిచ్చుట వేరు, ఆశ విడుచుట వేరు. లూకా 15వ అధ్యాయములోని తండ్రి చిన్న కుమారుని కట్టివేయలేదు. ఆస్తి పంచి ఇచ్చి పోనిచ్చెను. దూరదేశమునకు వెంటపడి పోలేదు, పందుల యొద్దకు డబ్బు పంపలేదు. కాని కుమారుడింకను దూరముగా నున్నప్పుడే అతనిని చూచెను. దూరముననున్నవానిని ఎవరు చూడగలరు? దారివైపు చూచుచుండువారే. ఆ తండ్రి చేయి విడిచెను గాని చూపు విడువలేదు.

కాబట్టి గాయపడిన స్త్రీ బిడ్డలతో క్షేమమైన చోటికి పోవుట పాపము కాదు. 2005లో మన దేశము గృహహింసనుండి స్త్రీలను కాపాడుటకు చట్టమే చేసినది. ఆమెను తిరిగి ఆ ఇంటికి తోలుట విశ్వాసమని ఎంచుట మా అజ్ఞానము. ఆమె ఇల్లు విడుచుటవలన, అతడు ఇంకొక పాపము చేయకుండ అతనిని కూడ కాపాడెను. అన్నపు గిన్నె పంపుటవలన అతడు మనుష్యుడేనని ప్రతి పూట చెప్పుచుండెను. ఈ రెండు పనులును ఒకే ప్రేమనుండి పుట్టినవి.

త్రాగుడును విడుచుటను గూర్చియు మేము అజ్ఞానముగానే మాటలాడియుంటిమి. మనసుంటే రేపే మానవచ్చునని ఆ తండ్రితో ఎన్నిసార్లు అంటిమో లెక్కలేదు. చాలయేండ్లుగా మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల వణుకు, ఫిట్సు, మతిభ్రమణము కలుగవచ్చునని, కొన్ని సమయములలో ప్రాణాపాయమనియు వైద్యులు చెప్పుదురు. వైద్యుని కనిపెట్టులో మానవలెను. 1935లో అమెరికాలో త్రాగుబోతులే కూడుకొని ఒకరికొకరు సహాయము చేసికొను సహవాసమొకటి మొదలాయెను; నేడది అనేక దేశములలో గలదు. ఈ త్రాగుడును నా బలముతో గెలువలేనని ఒప్పుకొనుటయే వారి మొదటి మెట్టు. వింత చూడుడి. అక్కడ చేతులెత్తివేయుటయు మానుకొనుటయు ఒక్కటే యగుచున్నవి. నావల్ల కాదని చేతులెత్తినవాడే మానుట మొదలుపెట్టగలడు. అతడు చేతులెత్తినప్పుడు ఆ చేతులను పట్టుకొనువారు దగ్గర నుండవలెను గదా? ఆ దినమున మేము లేము.

*

మరియొక ఆక్షేపణ. దేవుడే కొందరిని అప్పగించెనని రోమా పత్రిక మొదటి అధ్యాయములో పౌలు వ్రాయలేదా? దేవుడు విడిచినవారిని మనమేల పట్టుకొనవలెను?

వ్రాసెను. ఆ మాట భయంకరమైనది, దానిని పలుచన చేయరాదు. కాని పత్రికను మొదటి అధ్యాయముతో మూయవద్దు. ఎనిమిదవ అధ్యాయములో, దేవుడు తన సొంత కుమారుని మనందరికొరకు అప్పగించెనని అదే పౌలు వ్రాయుచున్నాడు. రెండు చోట్లను గ్రీకులో ఒకే క్రియ. యూదా ప్రభువును అప్పగించెననుటకును అదే క్రియ. యూదా డబ్బుకొరకు అప్పగించెను. దేవుడు ప్రేమకొరకు అప్పగించెను. మనుష్యులు తమ దారికి అప్పగింపబడిన చోటికే కుమారుడును అప్పగింపబడెను. విడువబడినవారిని కలిసికొనుటకు ఆయన విడువబడినవాని కేకను సిలువమీద తన నోట వేసెను. కాబట్టి ఒక మనుష్యుని చూపి, ఇతనిని దేవుడు విడిచెనని తీర్పు చెప్పుటకు మనకు అధికారము లేదు. ఆ చోటున ప్రభువు ముందుగానే నిలిచియుండవచ్చును.

మరియు ఆయన తన శిష్యులకు చెప్పిన వాగ్దానము యోహాను 14వ అధ్యాయములో గలదు. అనాథలుగా మిమ్మును విడువనని భావము. అక్కడను మన అఫియేమి అను మాటయే. కొలది గంటలలో తనను విడిచి పారిపోవువారితో ఆయన ఈ మాట చెప్పెను. వారి క్రియకు ఆయన ముందుగానే జవాబిచ్చెను.

*

ఇక చివరకు అంజూరపు చెట్టు దగ్గరకు వత్తము. యజమానుడు మూడేండ్లు వచ్చి పండ్లు వెదకెను, దొరకలేదు. నరికివేయుమనెను. మూడేండ్లు! మా సంఘమును ఆ మనుష్యుని విషయమై మూడవ యేటనే విసిగెను. అప్పుడు తోటమాలి ఈ సంవత్సరము కూడ దానిని ఉండనిమ్మని వేడుకొనెను. ఉండనిమ్మనుటకు లూకా వాడిన గ్రీకు క్రియ యేదని తలచెదరు? ఆ విడుచు అను క్రియయే. నరకక విడిచిపెట్టుమని తోటమాలి అడిగెను. కాని ఊరక విడువలేదు. చుట్టు త్రవ్వి ఎరువు వేసెదననెను.

మేమును ఆ మనుష్యుని విడిచిపెట్టితిమి, తోటమాలియు ఆ చెట్టును విడిచిపెట్టుమనెను. మాట ఒకటే. మా విడుపులో పారయు లేదు, ఎరువును లేదు. తోటమాలి విడుపులో నడుము వంచు పని యున్నది. మన రైతులు దీనిని ఎరుగుదురు. పొలమును బీడు పెట్టుట ఒకటి, పాడు పెట్టుట ఒకటి. బీడు పెట్టినవాడు మరల దున్నుటకు ఎదురుచూచును.

తరువాతి యేట ఆ చెట్టు కాచెనో లేదో ప్రభువు చెప్పలేదు. కథ అక్కడనే ఆగినది. ఫలము మన వశములో లేదని ఆయన భావము కాబోలు. పార మాత్రము మన చేతిలో నున్నది.

*

ఆ తరువాతి మంగళవారము మేమిద్దరు పెద్దలతో కలిసి ఆ ఇంటికి పోయితిమి. ఆయన గడపలో నిలుచుండి కొంతసేపు మమ్మును చూచెను. దారి తప్పి వచ్చితిరా అనెను. లేదు, ఇన్నాళ్లు తప్పితిమి, ఇప్పుడు వచ్చితిమంటిమి. మంచము వాల్చెను. కూర్చుంటిమి. ప్రార్థన చేయుదుమా అని అడుగుటకు మాకు నోరు రాలేదు. ఆయనయే కొంతసేపటికి, కంజిర చర్మము ఎలుకలు కొరికినవని చెప్పెను.

త్రాగుడు మానెనని వ్రాయగలిగినయెడల ఎంత సంతోషముగా నుండును! అట్లు వ్రాయలేము. ఒకమారు వైద్యుని యొద్దకు మాతో వచ్చెను, రెండవమారు రాలేదు. ప్రతి మంగళవారము ఎవరో ఒకరము పోవుచున్నాము. దర్శింపవలసిన ఇండ్ల పట్టికలో ఆ పేరు మరల వ్రాయబడినది. అతని భార్యను మాటలాడినవారిలో ఇద్దరు ఆమె యొద్దకు పోయి క్షమాపణ చెప్పిరి. ఆమె, పోనివ్వండి అని, అన్నపు గిన్నె మూట కట్టుకొనుచుండెను. ఆ ఒక్క మాటలో మా బాకీని ఆమె విడిచినది.

పిల్లవాడు తన నోటుపుస్తకమును మాస్టారికి చూపెనట. ఐదవ వాక్యమునకు సరి అను గుర్తు పడినది. దానిని కొట్టివేసి వేరొక వాక్యము వ్రాయుమని మేము వానిని అడుగలేదు. అడుగు హక్కు మాకు ఇంకను రాలేదు. అది కాలక్రమమున అబద్ధమగునట్లు చేయుటయే మా పని.

ఈ నెలలో ప్రతి కుటుంబమును ఈ రెండు ప్రశ్నలను కలిసి ఆలోచింపవలెనని కోరుచున్నాము. మనము విడువవలసినదై యుండియు పట్టుకొనియున్నదేది? మనము పట్టుకొనవలసినవాడై యుండియు విడిచినది ఎవరిని?

ప్రార్థన

మమ్మును అనాథలుగా విడువని ప్రభువా, మా పంతములను, మా బాకీల లెక్కలను విడుచుటకు మా పిడికిళ్లను వదులు చేయుము. నీవు మా చేతికిచ్చిన మనుష్యులను విడువకుండునట్లు అదే చేతులకు బలమిమ్ము. మా వలన కాని చోట కాదని ఒప్పుకొను వినయమును, ఇంకొక సంవత్సరము త్రవ్వి ఎరువు వేయు ఓపికను దయచేయుము. మేము విడిచినవారి యొద్ద నీవు నిలిచియున్నావని నమ్మి, ఆ దారిని తిరిగి నడచునట్లు సహాయము చేయుము. ఆమేన్.